ఒక చెరువు కింది భూగర్భ జలాన్ని లెక్కగట్టడం: నా అనుభవం

నల్లగొండ జిల్లా పడమటి అంచున, గ్రానైటు రాతి మీద పరుచుకున్న ఆరు చదరపు కిలోమీటర్ల ఒక చిన్న చెరువు పరీవాహకంలో ఏటా వాననీరు ఎంత భూమిలోకి దిగుతోంది, బోర్లు ఎంత తోడుతున్నాయి అన్నదే నా పీహెచ్‌డీ ప్రశ్న. 2023 జనవరిలో ఆ ఊళ్లో పని మొదలుపెట్టి, 2025 వేసవిలో థీసిస్ సమర్పించి, ఇటీవలే వైవా ముగించాను. ఇలాంటి పనికి కావలసిన సూత్రాలన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఏ నెలలో ఏం ఎదురవుతుందో, డబ్బు ఎక్కడ కరిగిపోతుందో, ఏ ఒక్క కొలత లేకపోతే మిగతా కొలతలన్నీ చాలకుండా పోతాయో మాత్రం వాటిలో దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి రెండు నెలలు బోర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకోవడంతోనే గడిచాయి. రికార్డుల్లో ఉన్న సంఖ్యకూ పొలాల్లో కనిపించిన సంఖ్యకూ పొంతన లేదు. తిరిగి చూస్తే పరీవాహకంలో 260 దాకా బోర్లు తేలాయి. వాటిలో నడుస్తున్నవి వంద. మిగిలినవి ఎండిపోయినవో, మోటారు తీసేసినవో, వేసిన రోజే ఫెయిలైనవో. రైతుకు పనికిరాని ఈ బోర్లే నాకు పరిశీలనకు పనికొచ్చాయి, ఎందుకంటే మోటారు నడిచే బోరులో మట్టం ఎప్పుడూ నిలకడగా ఉండదు. చాలా బోర్ల నోటికి రాయి పెట్టి ఉంది. కొన్నింటిలో టేపు ఇరవై అడుగులకే ఆగిపోయింది. ఊరివాళ్లకు మొదట నా మీద అనుమానమే. "మోటర్లకు మీటర్లు పెట్టనీకి వచ్చినవా బిడ్డా?" అని ఒక పెద్దాయన సూటిగానే అడిగారు. "కాదు తాతా, నీళ్లు ఎంత లోతుల ఉన్నయో చూసి రాసుకుంటం, అంతే" అని టేపు చేతికిచ్చి ఆయన బోరులోనే దింపించాను. టేపు చివర నీటిని తాకి బీప్ వినిపించగానే అంకె ఆయనే చదివారు. ఆ తర్వాత మిగతా వాళ్ల పొలాలకు నన్ను తీసుకెళ్లిందీ ఆయనే.

ఆ బీప్‌ను కూడా గుడ్డిగా నమ్మరాదని ఫిబ్రవరిలో తెలిసింది. గ్రానైటులో పై పగుళ్ల నుంచి ఊరే నీరు బోరు గోడ వెంట జారుతూ ఉంటుంది; టేపు కొన ఆ తడిని తాకితే అసలు మట్టానికి పది మీటర్ల పైనే మోగుతుంది. చెవి ఆనించి వింటే లోపల నీరు పడుతున్న చప్పుడు వస్తుంది. అలాంటి చోట టేపును ఇంకా కిందికి దింపి, మోత ఆగకుండా వస్తోందో లేదో చూసి, పైకి లాగేటప్పుడు మోత తెగిన చోటును రాసుకోవాలి. ఈ సంగతి ఒక రిగ్గు మేస్త్రి చెప్పాడు. నేను చదివిన ఏ మాన్యువల్‌లోనూ ఇది కనబడలేదు.

నీటిమట్టాన్ని గంట గంటకూ తనంతట తానే నమోదు చేసే ప్రెషర్ లాగర్ల కొనుగోలు ఫైలు 2022 అక్టోబరులోనే కదిలింది. కొటేషన్లు, కమిటీ, మళ్లీ కొటేషన్లు అన్నీ దాటి అవి చేతికి వచ్చేసరికి 2023 మే మొదటి వారం అయింది. పన్నులతో కలిపి ఒక్కోటి దాదాపు 50 వేల రూపాయలు. బోర్లలో దింపడానికి ఎనిమిది, గాలి పీడనం కొలవడానికి ఒకటి కొన్నాం. ఈ తొమ్మిదోదాన్ని అనవసరపు ఖర్చని తీసేయమని కమిటీలో ఒకరు సూచించారు. తీసేసి ఉంటే ఎనిమిదీ వృథా అయ్యేవి. నీటిలో మునిగిన లాగరు తన మీద ఉన్న నీటి బరువునూ, ఆ నీటి మీద ఉన్న గాలి బరువునూ కలిపే కొలుస్తుంది. మన ప్రాంతంలో గాలి పీడనం రోజూ ఉదయం పది ప్రాంతంలోనూ రాత్రి పది ప్రాంతంలోనూ పెరిగి, తెల్లవారుజామునా సాయంత్రం నాలుగింటికీ తగ్గుతుంది. ఆ తేడా మూడు నాలుగు హెక్టోపాస్కల్స్, అంటే మూడు నాలుగు సెంటీమీటర్ల నీటిమట్టంతో సమానం. మొదటి వారం డేటాలో ప్రతి బోరూ రోజుకు రెండుసార్లు ఊపిరి పీల్చి వదులుతున్నట్టు కనిపించింది. గాలి లాగరు రీడింగును తీసివేశాక చాలా బోర్లలో ఆ అల పోయింది. రెండు బోర్లలో మాత్రం తలకిందులుగా, చిన్నగా మిగిలింది. అంటే అక్కడి పగుళ్లలోని నీరు పైనున్న రాతి ఒత్తిడిలో బందీగా ఉందన్నమాట.

బోరు నోరు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో తెలియకపోతే నీటి లోతు తెలిసి లాభం లేదు. చేతి జీపీఎస్ చూపే ఎత్తులో పొరపాటు పది మీటర్ల దాకా ఉండవచ్చు. ఉపగ్రహ ఎత్తుల పటంలోనూ కొన్ని మీటర్ల తేడా మామూలే. మా పరీవాహకంలో ఎగువ గట్టుకూ చెరువు కట్టకూ మధ్య ఎత్తు తేడాయే దాదాపు 40 మీటర్లు కాబట్టి, ఐదు మీటర్ల పొరపాటు పడితే నీరు ఎగువకు పారుతున్నట్టు లెక్క వస్తుంది. ఎత్తును సెంటీమీటర్లలో తేల్చే డీజీపీఎస్ పరికరాన్ని ఆపరేటర్‌తో సహా అద్దెకు తెచ్చుకున్నాం. రోజుకు ఐదు వేలు, అతని భోజనం, మా ఆటో ఖర్చు అదనం. ప్రాజెక్టు ప్రతిపాదనలో ఈ పద్దు నేను రాయలేదు, మా గైడు రాయించారు. మొత్తం ఖర్చులో ఇంత విలువ చేసిన పద్దు మరొకటి లేదు.

వాన కోసం ఎదురుచూపు ఆ ఏడాది ఎక్కువైంది. 2023లో రుతుపవనాలు తెలంగాణకు చేరేసరికి జూన్ మూడో వారం దాటింది. ఒక పొలంలో తీగ కంచె వేసి రెండు వర్షమాపకాలు పెట్టాం: ఒకటి 0.2 మిల్లీమీటర్లకు ఒకసారి పక్కకు ఒరిగి తనే లెక్కపెట్టుకునేది, రెండోది ఎవరైనా చూసి రాయవలసిన మామూలు సిలిండరు. ఆటోమేటిక్‌ది ఉండగా మామూలుది ఎందుకని నాకూ అనిపించింది. జూలై చివరి వారపు కుండపోతలో జవాబు దొరికింది. వాన జోరెక్కినప్పుడు ఒరిగే గిన్నె వేగం చాలక కొంత నీటిని లెక్కపెట్టకుండానే వదిలేసింది. అంతకుముందు ఒక వారం దాని గరాటులో కందిరీగలు గూడు కట్టాయి. మామూలు సిలిండరును రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి రాసింది ఆ పొలం రైతు కూతురు, ఇంటర్ విద్యార్థిని. నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చాం. నా డేటాలో ఒక్క ఖాళీ కూడా లేని వరుస ఆమె నోటుపుస్తకమే.

జూలై వానలు చూసి సంబరపడిన మాకు ఆగస్టు నిరాశే మిగిల్చింది. దేశం మొత్తం మీద 1901 తర్వాత అంత పొడిగా గడిచిన ఆగస్టు లేదు. రైతులు దిగులుగా ఆకాశం చూస్తుంటే నేను లాగర్ల గీత చూసి లోలోపల ఉత్సాహపడుతున్నానని గ్రహించి సిగ్గుపడ్డాను. వాన లేని నెలలో మట్టం ఎలా పడిపోతుందో తెలిస్తేనే, భూగర్భ జలం కదలికను కంప్యూటరులో లెక్కగట్టే మోడల్‌కు మేత. ఆ మాట వాళ్ల ముందు అనగలిగేది కాదు.

అదే సమయంలో చెరువు నుంచి ఇంకే నీటిని కొలిచే పని మొదలైంది. తూము దగ్గర గేజి పలక పాతించి, కట్ట పక్కన ఆవిరి పళ్లెం పెట్టాం. సుమారు 122 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి రాగి పళ్లెం అది. కుక్కలూ కొంగలూ నీళ్లు తాగకుండా పైన తీగ వల ఉంటుంది. నవంబరులో చెరువు మట్టం రోజుకు 11 మిల్లీమీటర్లు తగ్గింది. పళ్లెంలో తగ్గుదల నాలుగున్నర. చెరువుకు వర్తింపజేయడానికి దాన్ని 0.7తో గుణిస్తే 3 మిల్లీమీటర్ల పైచిలుకు. మిగిలిన 8 మిల్లీమీటర్లూ భూమిలోకి ఇంకినట్టే అనుకోవచ్చు, తూము నిజంగా మూసి ఉంటే. తూము తెరిచి మూసే నీరటి "బందే ఉన్నది సారూ" అన్నాడు. తూము కింది కాలువలో మాత్రం సన్నటి ధార పారుతూనే ఉంది. బకెట్టు పెట్టి, సెల్‌ఫోన్ గడియారంతో కొలిచి దాన్నీ తీసివేశాం. అది లెక్కను మార్చేంత లేదని తేలాక ఊరట కలిగింది.

2024 జనవరిలో ఒక పంపింగ్ టెస్టు చేశాం. ఒక బోరును ఎనిమిది గంటలు ఒకే వేగంతో తోడుతూ, పక్క బోరులో మట్టం ఎలా పడుతుందో చూడాలి; ఆ సమయంలో చుట్టుపక్కల మోటార్లు ఏవీ నడవకూడదు. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి రోజంతా కరెంటు ఉంది కాబట్టి, ఎవరి మోటారు ఎప్పుడు నడుస్తుందో చెప్పలేం. ఆరుగురు రైతుల ఇళ్లకు ముందు రోజు రాత్రి వెళ్లి బతిమాలుకున్నాం. ఐదుగురు ఒప్పుకుని ఆపారు. ఆరో ఆయన కూడా ఆపారు గానీ, ఆయన స్టార్టరుకు ఉన్న ఆటో స్విచ్చి కరెంటు ఒకసారి పోయి రాగానే మోటారును తనే నడిపింది. టెస్టు ఆగిపోయింది. మరుసటి వారం మళ్లీ చేస్తే, సెకనుకు లీటరున్నర తోడకానికి రోజుకు 26 చదరపు మీటర్ల ట్రాన్స్‌మిసివిటీ, అంటే రాతి పొర తనగుండా నీటిని పారనిచ్చే సామర్థ్యం, వచ్చింది. నాలుగు వందల మీటర్ల అవతల ఇంకో బోరులో వచ్చిన విలువ రెండే. గ్రానైటులో ఇది వింతేమీ కాదు. ఈ తేడా తర్వాత ఎంత పెద్ద చిక్కు తెచ్చిందో చెబుతాను.

మోడల్ కట్టడం డబ్బు ఖర్చు లేని పని. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1984లో తొలిసారి విడుదల చేసిన మాడ్‌ఫ్లో అనే భూగర్భ జల మోడలింగ్ ప్రోగ్రాం ఇప్పటికీ ఉచితం. పరీవాహకాన్ని 50 మీటర్ల గళ్లుగా కోసి, పైన మొరం పొర, కింద పగుళ్ల రాతి పొర అని రెండుగా పెట్టాను; పదిహేను రోజులకు ఒక మెట్టు. మే నెలలో మొరం పొర గళ్లు ఎండిపోవడంతో మొదట్లో లెక్క మధ్యలోనే ఆగిపోయేది. ఎండిన గళ్లు ఉన్నా నడిచే న్యూటన్ పద్ధతి కొత్త వెర్షన్‌లో ఉందని తెలుసుకుని మారడానికి మూడు వారాలు పట్టింది. పరామితులను సరిచేసే పెస్ట్ అనే ప్రోగ్రాంకు రాత్రంతా కంప్యూటరును వదిలి, పొద్దున్నే హాస్టల్ మెట్లు దిగుతూనే ఫలితం ఎలా ఉందోనని గుండె దడదడలాడేది.

2024 ఫిబ్రవరి చివర ఒక పొద్దున ఫలితం చాలా బాగుంది. లెక్కకట్టిన మట్టాలకూ కొలిచిన మట్టాలకూ సగటు తేడా 0.6 మీటర్లు. రీచార్జి, అంటే భూమిలోకి దిగే వాననీరు, ఏడాదికి 160 మిల్లీమీటర్లు; భూమి నీటిని పట్టి ఇచ్చే సామర్థ్యం, అంటే స్పెసిఫిక్ యీల్డ్, 2.8 శాతం. ఆ సాయంత్రం గైడుకు చూపించాను. ఆయన ఏమీ అనకుండా, అన్ని విలువలనూ సగం చేసి మళ్లీ నడపమన్నారు: రీచార్జి సగం, స్పెసిఫిక్ యీల్డ్ సగం, ట్రాన్స్‌మిసివిటీ సగం, బోర్లు తోడే నీరు కూడా సగం. నడిపాను. తేడా మళ్లీ 0.6 మీటర్లే. గీతలు ఒకదాని మీద ఒకటి పడి, రెండు మోడళ్లను వేరు చేసి చూడలేకపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏడాదికి పైగా తవ్వి తెచ్చిన నీటిమట్టాలన్నీ కలిసి కూడా పరీవాహకంలో నీరు ఎంత ఉందో చెప్పలేవు, దేనికి దేనితో ఎంత నిష్పత్తో మాత్రమే చెప్పగలవు. సమీకరణాన్ని చూస్తే అందులో వింతేమీ లేదు: అన్ని పదాలనూ ఒకే అంకెతో గుణిస్తే మట్టం మారదు. చదివినప్పుడు అది ఒక వాక్యం, మన డేటా మీద పడినప్పుడు అది పిడుగు. మరి పంపింగ్ టెస్టులో తోడిన నీటిని కొలిచాం కదా, ట్రాన్స్‌మిసివిటీ తెలిసింది కదా, దానితో స్కేలు తేలదా అని నేనూ వాదించాను. ఒక బోరు దగ్గర 26, ఇంకో బోరు దగ్గర 2 ఉన్న రాతిలో ఆరు చదరపు కిలోమీటర్ల సగటు ఎంత అన్నది ఆ రెండు అంకెలు చెప్పలేవు. స్పెసిఫిక్ యీల్డ్‌కు ప్రభుత్వ కమిటీ మార్గదర్శకాలు చూద్దామంటే, గ్రానైటు మొరంలో బంకమట్టి ఎక్కువుంటే 1 నుంచి 2 శాతం, తక్కువుంటే 2 నుంచి 4 శాతం అని ఉంటుంది. నా రెండు మోడళ్లూ ఆ పరిధిలో హాయిగా ఇమిడిపోయాయి.

తప్పించుకునే దారి ఒక్కటే ఉంది: నీటి ప్రవాహాల్లో కనీసం ఒకదాన్ని పరీవాహకం మొత్తానికీ నేరుగా కొలవాలి. హైదరాబాదుకు దక్షిణాన ఉన్న మహేశ్వరం పరీవాహకంలో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఫ్రాన్స్ భూగర్భ సర్వే సంస్థల పరిశోధకులు ఈ చిక్కునే ఎదుర్కొని 2006లో ఒక పద్ధతి ప్రచురించారు. వాన లేని కాలంలో రీచార్జి సున్నా కాబట్టి, అప్పుడు తోడిన నీటినీ పడిపోయిన మట్టాన్నీ కొలిస్తే స్పెసిఫిక్ యీల్డ్ తేలుతుంది. దానితో వానాకాలపు మట్టం పెరుగుదలను గుణిస్తే రీచార్జి తేలుతుంది. అక్కడ వాళ్లకు వచ్చిన స్పెసిఫిక్ యీల్డ్ దాదాపు 1.4 శాతం. అదృష్టవశాత్తు జనవరి నుంచే నేను మరో కారణంతో బోర్లు నడిచే గంటలను కొలుస్తున్నాను. మార్చి, ఏప్రిల్ మాత్రం ఆ పని మీదే గడిపాను.

వ్యవసాయ బోర్లకు మీటర్లు లేవు. రైతును అడిగితే "పొద్దంతా నడుస్తది" అంటారు; నీళ్లు అందక మోటారు ఆగిన గంటలు ఆయనకు గుర్తుండవు. మేము వాడింది చొక్కా గుండీ అంత ఉండే ఉష్ణోగ్రత లాగరు. ఒక్కోటి మూడు వేల లోపే. దాన్ని బోరు బయటి పైపుకు టేపుతో చుట్టి వదిలేస్తే, మోటారు ఆగినప్పుడు పైపు ఎండకు కాలి, రాత్రికి చల్లబడుతుంది. నీరు పారుతున్నంతసేపూ మాత్రం భూగర్భ జలపు వెచ్చదనం దగ్గర, మా ఊళ్లో 28, 29 డిగ్రీల దగ్గర, గీత నిలబడిపోతుంది. గీత చదునుగా ఉన్న గంటలే మోటారు నడిచిన గంటలు. చిక్కల్లా పొద్దున తొమ్మిది ప్రాంతంలోనూ పొద్దు గూకేటప్పుడూ. అప్పుడు గాలి వేడి కూడా అంతే ఉంటుంది కాబట్టి మోటారు నడుస్తోందో ఆగిందో తేల్చలేం. ఆ గంటలను ముందువెనుకల ధోరణిని బట్టి నింపాను. ఇరవై ఐదు బోర్లకు లాగర్లు చుట్టాం. ఒక రైతు పైపు మార్చినప్పుడు పాత పైపుతోపాటు ఒక లాగరు పాత సామాన్లవాడికి వెళ్లిపోయింది.

ధార ఎంతో కొలవడం ఇంకో కథ. బోరు పడినప్పుడు రిగ్గువాళ్లు "రెండించుల నీళ్లు" అంటారు. అది వీ ఆకారపు కోత ఉన్న పలక మీదుగా పారే నీటి ఎత్తు. ఒక ఇంచుకూ రెండించులకూ తేడా రెట్టింపు అనుకుంటాం గానీ, లంబకోణపు కోత అయితే ఒక ఇంచుకు సెకనుకు 0.14 లీటర్లు, రెండించులకు 0.8 లీటర్లు, అంటే ఐదున్నర రెట్లు. పైగా అది బోరు వేసిన రోజు సంగతి. ఏప్రిల్‌లో ఏమిటన్నది 200 లీటర్ల డ్రమ్మూ స్టాప్‌వాచీ చెప్పవలసిందే. జనవరిలో డ్రమ్ము నిండటానికి రెండు నిమిషాలు పట్టిన బోరు ఏప్రిల్‌లో నాలుగు నిమిషాలు తీసుకుంది. కాబట్టి నెలకోసారి మళ్లీ మళ్లీ కొలవాలి, అదీ మోటారు పెట్టిన అరగంట తర్వాత.

తోడిన నీరంతా పోయినట్టు కాదు, వరి మడిలోంచి కొంత మళ్లీ భూమిలోకి దిగుతుంది. మడిలో అడుగున్న డ్రమ్ము ఒకటి, అడుగు తీసేసిన డ్రమ్ము ఒకటి పక్కపక్కన పాతి, రెండింటిలోనూ నీటి తగ్గుదల చూశాం; ఆ రెంటి తేడాయే ఇంకుడు. మడికి రోజుకు పెట్టే నీరు సుమారు 10, 11 మిల్లీమీటర్లు ఉంటే, అందులో 4 నుంచి 5 మిల్లీమీటర్లు వెనక్కి దిగుతోంది. డ్రమ్ము పాతనిచ్చిన రైతుకు ఆ చోట పోయిన నారుకు డబ్బులిస్తామంటే నవ్వి, కోత అయ్యాక ఆ డ్రమ్ములే ఇవ్వమన్నాడు. ఇచ్చాం.

మే చివర లెక్క ఇలా తేలింది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వంద బోర్లు తోడింది దాదాపు ఆరున్నర లక్షల ఘనపు మీటర్లు. దానితో 130 ఎకరాల యాసంగి వరి పండింది. తిరిగి దిగినది పోను భూమి కోల్పోయింది నాలుగు లక్షలకు కొంచెం తక్కువ, పరీవాహకం మీద పరిస్తే 65 మిల్లీమీటర్లు. మట్టం సగటున నాలుగున్నర మీటర్లు పడింది. భాగిస్తే స్పెసిఫిక్ యీల్డ్ 1.4 శాతం, నా కొలతల అనిశ్చితితో చూస్తే 1.1 నుంచి 1.8 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మహేశ్వరం విలువకు ఇంత దగ్గరగా రావడం చూసి సంతోషం కన్నా ముందు అనుమానం కలిగింది. లెక్కను మరొకరితో మొదటి నుంచి చేయించాకే నమ్మాను. ఫిబ్రవరిలో నన్ను మురిపించిన 160 మిల్లీమీటర్ల రీచార్జి మోడల్ అలా పక్కకు పోయి, 80 మిల్లీమీటర్లది నిలిచింది. 2023 వానాకాలంలో కురిసిన 680 మిల్లీమీటర్లలో అది ఎనిమిదో వంతు. అందులోనూ ఐదో వంతు చెరువులోంచి ఇంకినదే.

ఎండిపోయిన చెరువులో మే నెల ఎండలో డీజీపీఎస్ పట్టుకుని నడిచి, ఏ మట్టం దగ్గర ఎంత విస్తీర్ణమో కూడా అప్పుడే కొలిచాం. ఆ పని చెరువు నిండాక పడవ మీద చేస్తే పదింతల ఖర్చు అయ్యేది.

మోడల్‌ను పరీక్షించడానికి 2024 వానాకాలం డేటాను దానికి చూపించకుండా దాచాను. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఖమ్మం, మహబూబాబాద్ ప్రాంతాలను ముంచెత్తిన వాన మా దగ్గర 140 మిల్లీమీటర్లు కురిసి, చాలా ఏళ్ల తర్వాత అలుగు పారింది. ఊరంతా కట్ట మీదే ఉంది. ఎగువ బోర్లలో మోడల్ చెప్పిన పెరుగుదల అర మీటరు తేడాతో సరిపోయింది. కట్ట కింది బోర్లలో మాత్రం అసలు మట్టం మోడల్ కన్నా రెండు మీటర్లు పైన ఉంది. గేజి పలక చూస్తే కారణం అర్థమైంది: నిండు చెరువు రోజుకు 22 మిల్లీమీటర్లు తగ్గుతోంది. అడుగున ఉన్న ఒండ్రు నీటిని ఆపుతుంది. నీరు శిఖం, అంటే చెరువు మునక భూమి, అంచుల దాకా పాకితే అక్కడి మొరం దాన్ని తాగేస్తుంది. 2023లో సగం నిండిన చెరువును కొలిచి, అదే వేగాన్ని నిండు చెరువుకూ వర్తింపజేస్తే కుదరదని మోడల్ తప్పిన తీరే చూపించింది. మట్టాన్ని బట్టి ఇంకుడు మారేలా పెట్టాక తేడా ముప్పావు మీటరుకు దిగింది. ఈ అధ్యాయమే థీసిస్‌లో నాకు ఎక్కువ ఇష్టం. అన్ని గీతలూ ముందే కలిసిపోయి ఉంటే ఆ శిఖం అంచుల సంగతి నాకు తెలిసేది కాదు.

2025 మార్చిలో రచ్చబండ దగ్గర ఊరివాళ్లకు ఫలితాలు చెప్పాను. 2023–24 లాంటి ఏడాదిలో వానాకాలపు తోడకం 25, యాసంగిది 65, కలిపి 90 మిల్లీమీటర్లు పోతుంటే వచ్చేది 80; ఆ లోటుకు మట్టం అర మీటరుకు పైగా దిగుతుంది; ఇరవై ఎకరాల యాసంగి వరి మానుకుంటే లెక్క సరిపోతుంది అన్నాను. "ఎవరి ఇరవై ఎకరాలు బిడ్డా?" అని అడిగారు మొదట్లో నన్ను మీటర్ల గురించి నిలదీసిన తాత. నా దగ్గర జవాబు లేదు. ఇంకొకరు తమ పొలంలో ఎక్కడ బోరు వేస్తే పడుతుందో చెప్పమన్నారు. 50 మీటర్ల గడికి ఒకే సగటు విలువ ఇచ్చే మోడల్ రెండు మీటర్ల పగులును చూపలేదని చెబితే, ఇన్ని మిషన్లు పెట్టి అది కూడా తెలియదా అన్నట్టు చూశారు. ఇంకుడు చెరువు కడితే ఎంత లాభం అన్న ప్రశ్నకు మాత్రం గట్టిగా చెప్పగలిగాను. ఇరవై ఎకరాలన్న మాట ఆ సగం-రెట్టింపు మోడళ్లు రెండింటిలోనూ ఒకటే, ఎందుకంటే అది నిష్పత్తి. ఇంకుడు చెరువు అలా కాదు, అది ఇచ్చేది ఇన్ని ఘనపు మీటర్లని లెక్కగా ఉంటుంది. లోటు ఏడాదికి 60 వేల ఘనపు మీటర్లని తేలింది కాబట్టి, 30 వేలు ఇంకించే కట్టడం సగం లోటు తీరుస్తుంది. ఫిబ్రవరి మోడల్‌ను పట్టుకుని ఉంటే నాలుగో వంతే అని చెప్పి ఉండేవాణ్ణి.

థీసిస్ జూన్‌లో సమర్పించాక పరీక్షకుల నివేదికలకు ఐదు నెలల దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. వైవాలో అడిగిన ప్రశ్నల్లో సగానికి పైగా వరి మడిలోంచి తిరిగి దిగే నీటి మీదే. రెండు మడుల్లో కొలిచినదాన్ని 130 ఎకరాలకు ఎలా వర్తింపజేశారన్నది న్యాయమైన ప్రశ్న. అనిశ్చితి పరిధిలో అత్యధిక భాగం దానిదేనని ఒప్పుకుని, అంకెలతో చూపించాను. మళ్లీ మొదలుపెడితే లాగర్లలో రెండు తగ్గించుకుని, ఆ లక్ష రూపాయలతో మరో పది మడుల్లో డ్రమ్ములు పాతిస్తాను, ఉష్ణోగ్రత లాగర్లను ఇంకొన్ని బోర్లకూ చుట్టిస్తాను. పంపింగ్ కొలతలు యాసంగి నాట్లకు ముందే, అంటే డిసెంబరు లోపే సిద్ధం కావాలి. జనవరి దాటితే ఆ ఏడాది పోయినట్టే, మరుసటి యాసంగి దాకా ఆగాలి.

ఎనిమిది ప్రెషర్ లాగర్లలో ఒకటి మోటారు పైకి లాగేటప్పుడు కేబులు తెగి బోరులోనే ఉండిపోయింది. మిగతా ఏడూ ఇంకా నడుస్తున్నాయి. వర్షమాపకం చూసే అమ్మాయి ఇప్పుడు డిగ్రీలో చేరి హైదరాబాదు వెళ్లింది. నోటుపుస్తకం ఆమె తమ్ముడి చేతికి వచ్చింది.